ముల్లంగి సరిగ్గా వెయ్యడం ఎలా, పూత వచ్చేస్తే ఏం చెయ్యాలి: విత్తనం నుంచి మళ్ళీ విత్తనం దాకా

"అక్కా, ముల్లంగి ఆకు మోకాలెత్తు పెరిగింది, దుంప చూస్తే చిటికెన వేలంత ఉంది, ఇప్పుడేమో పూలు కూడా వచ్చేశాయి, ఆ పూలు తుంచేస్తే దుంప ఊరుతుందా?"

సంక్రాంతి దాటిందంటే చాలు రోజుకొకరు ఇదే అడుగుతున్నారు. ఊరదండీ. తుంచినా ఊరదు, ఎరువేసినా ఊరదు. పూత కాడ లేచాక ఆ మొక్క దుంపలో దాచుకున్నదంతా పైకి పంపేస్తుంది, ఇక వెనక్కి రాదు. కానీ ఆ మొక్క వేస్ట్ అయిపోయినట్టు కాదు, దానితో చెయ్యాల్సినవి వేరే ఉన్నాయి, అవి 9వ స్టెప్ నుంచి రాశా. ఇప్పటికే పూత వచ్చేసినవాళ్ళు నేరుగా అక్కడికి వెళ్ళండి, కొత్తగా వేసేవాళ్ళు మాత్రం మొదటి నుంచి చదవండి, ఎందుకంటే పూత సమస్య 100కి 90 మందికి విత్తనం వేసిన రోజే మొదలవుతోంది అని నా గట్టి అభిప్రాయం.

మాది విజయవాడ పటమట, మేడ మీద బ్యాగుల్లో వేస్తా. మా వదిన వాళ్ళది గుంటూరు దగ్గర పల్లె, నల్లరేగడి నేల. ఈ రెండు చోట్లా చేసి చూసినవే రాస్తున్నా.

1. ముందు నెల చూసుకోండి

ముల్లంగి చలికాలం పంట. మనకి ఉన్న చలి కాస్తే కాబట్టి ఆ కాస్తా వదులుకోకూడదు.

- మంచి టైమ్: అక్టోబర్ రెండో వారం నుంచి డిసెంబర్ మధ్య దాకా. కార్తెల లెక్కలో చెప్పాలంటే చిత్త నుంచి జ్యేష్ఠ దాకా.
- పర్లేదు: డిసెంబర్ చివర. దుంప కొంచెం చిన్నదవుతుంది, ఘాటు పెరుగుతుంది.
- జనవరి చివర నుంచి: ఎండకి తట్టుకునే రకమైతేనే వెయ్యండి. పగలు పొడుగవుతూ, ఎండ ముదురుతూ ఉంటే మొక్క దుంప మానేసి పూత వైపు వెళ్ళిపోతుంది. విజయవాడలో డిసెంబర్ చివర పగలు దాదాపు 11 గంటలు, మార్చి చివరికి 12 దాటుతుంది, మనకి తెలియకపోయినా మొక్కకి తెలుస్తుంది.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. చాలా ఇళ్ళలో మాఘమాసంలో ముల్లంగి తినరు, మా అమ్మమ్మ అయితే ఇంట్లోకి కూడా రానిచ్చేది కాదు. పుష్యం చివర్లో కోతకొచ్చే మడిని "మాఘం అయ్యాక పీకుదాంలే" అని నెల రోజులు నేలలోనే వదిలేస్తారు, మళ్ళీ వెళ్ళి చూసేసరికి తెల్లటి పూలు. మీ ఇంట్లో ఆ పట్టింపు ఉంటే నవంబర్ మొదటి వారంలోపే విత్తెయ్యండి, పుష్యంలోనే తినెయ్యొచ్చు.

మొత్తం ఒకేసారి వెయ్యొద్దు. 12-15 రోజులకో దఫా, ఇంట్లో ఎంత తింటారో అంతే. 40 దుంపలు ఒకేరోజు తయారైతే సగం నేలలోనే ముదిరిపోతాయి.

2. విత్తనం రకం

ప్యాకెట్ మీద బొమ్మ చూసి కాదు, రకం పేరు, వెయ్యాల్సిన నెలలు చూసి కొనండి.

- జపనీస్ వైట్, పూసా రేష్మి: చలికాలానికి. 55-60 రోజులు.
- పూసా చేత్కి: ఎండకి తట్టుకుంటుంది, 40-45 రోజుల్లో అయిపోతుంది. ఆలస్యంగా వేసేవాళ్ళకి ఇదే దిక్కు.
- అర్కా నిశాంత్: గులాబీ రంగు, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకం, 50-55 రోజులు. బెండు పట్టడం (దుంప లోపల దూదిలా అయిపోవడం), తొందరగా పూత రావడం తక్కువ.
- ఎర్ర గుండ్రటి చిన్నవి: 25-30 రోజులు. తక్కువ లోతు తొట్టెల్లో కూడా వస్తాయి, కానీ బాగా చలి ఉన్న నెలల్లోనే.

ఒక ఏడాది నేను షాపులో విడిగా పొట్లం కట్టిచ్చిన విత్తనం తెచ్చా, రకం అడిగితే "అన్నీ ఒకటేనమ్మా" అన్నారు. 30 రోజులకే బ్యాగులన్నీ పూతకొచ్చాయి, ఒక్క దుంప రాలేదు. అప్పటినుంచి రకం పేరు, తేదీ లేని విత్తనం ఇంటికి తేవడం లేదు. 10 గ్రాముల్లో దాదాపు 1000 గింజలుంటాయి, ఇంటికి అది చాలా ఎక్కువే, కాబట్టి రేటు చూసుకోకుండా మంచిదే తీసుకోండి.

3. మట్టి తయారీ: ఇక్కడ తొందర పడొద్దు

ముల్లంగి దుంప అంటే కిందకి దిగే తల్లివేరే కదా, దానికి గులకరాయి అడ్డొచ్చినా, గట్టి గడ్డ అడ్డొచ్చినా, పచ్చి పేడ తగిలినా రెండు మూడు కాళ్ళుగా చీలిపోతుంది.

మేడ మీద బ్యాగుల్లో:

- లోతు 12-15 అంగుళాలు ఉండాలి. అంతకంటే తక్కువైతే పొడుగు రకాలు వెయ్యొద్దు.
- మట్టి 4 పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ 3, కొబ్బరి పొట్టు 2, ఇసుక 1.
- బ్యాగుకి గుప్పెడు వేపపిండి.
- మట్టి మొత్తం జల్లెడ పట్టాలి, ఓపిగ్గా, రాళ్ళూ పెంకులూ లేకుండా.
- రోజుకి 6 గంటలు ఎండ. వాటర్ ట్యాంక్ నీడలో పెడితే ఆకే వస్తుంది.

నల్లరేగడిలో: చదునుగా ఉన్న మడిలో అస్సలు వెయ్యొద్దు, అది తడిస్తే బంక, ఆరితే రాయి. జానెడు ఎత్తు బోదెలు (పొడుగాటి మట్టి కట్టలు) తోలి, బోదె మీదే విత్తాలి. ఇసుక, మాగిన ఎరువు బోదెలోకి కలపాలి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వదిన వాళ్ళ పెరడంతా నీళ్ళే, మడిలో వేసిన ముల్లంగి కుళ్ళిపోయింది, పక్కనే బోదెల మీద వేసిన రెండు వరసలు మాత్రం బతికాయి. లంక భూముల్లో ఉన్నవాళ్ళకి ఈ బాధ తక్కువ, కృష్ణ ఒండ్రు గుల్లగా ఉంటుంది, లోతుగా దుక్కి చేసుకుంటే చాలు.

పేడ ఎరువు పట్టుకుని చూడండి. వేడిగా ఉన్నా, పేడ వాసన వస్తున్నా ఇంకా మాగలేదు. మట్టి వాసన రావాలి.

4. విత్తడం

విత్తనం నేరుగా మడిలోనే వెయ్యాలి. నారు పోసి తీసి నాటితే తల్లివేరు వంకర తిరుగుతుంది, దుంప అలానే వంకరగా ఊరుతుంది, మొక్క కూడా దెబ్బతిని తొందరగా పూతకొస్తుంది.

- ముందు మట్టి తడిపి ఒక పూట ఆగండి.
- గీత లోతు 1 సెంటీమీటర్, మహా అయితే ఒకటిన్నర.
- వరసకి వరసకి 1 అడుగు. గింజకి గింజకి 1 అంగుళం.
- పైన పొడి మట్టి కప్పి, రోజ్ క్యాన్‌తో సన్నగా నీళ్ళు.

3-5 రోజుల్లో మొలక వస్తుంది. వారం దాటినా రాలేదంటే విత్తనం పాతది, ఎదురుచూడకుండా మళ్ళీ వెయ్యండి.

5. పలచన చెయ్యడం: అందరూ వదిలేసే స్టెప్

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే నాకు ఫోటోలు పంపినవాళ్ళలో ఎక్కువమందికి తప్పు ఇక్కడే జరిగింది. మొలిచిన మొక్కని పీకడానికి ప్రాణం ఒప్పదు, నాకూ మొదట్లో ఒప్పేది కాదు, ఒక్కో బ్యాగులో 20 మొక్కలు అలానే ఉంచేసేదాన్ని. 20 మొక్కలకీ ఆకులొచ్చాయి, 20 దుంపలూ పెన్సిలంత. చోటు లేని మొక్క దుంప ఊరదు, ఊరలేని మొక్క బతికుండగానే గింజ పెట్టుకుందామని పూతకి పోతుంది.

- 10-12వ రోజు: బక్కవి, వంకరవి, జంటగా మొలిచినవి తీసెయ్యండి. 2 అంగుళాలకి ఒకటి మిగలాలి.
- 20వ రోజు: మళ్ళీ తీసి 4 అంగుళాలకి ఒకటి ఉంచండి. పొడుగు లావు రకాలైతే 5.
- పక్క మొక్క వేరు కదులుతుందనిపిస్తే పీకకుండా కత్తెరతో నేల దగ్గర కత్తిరించండి.
- అయ్యాక మిగిలినవాటి మొదట్లోకి మట్టి ఎగదోయండి.

తీసిన మొక్కలు పారెయ్యొద్దు. రెండోసారి పలచన చేసిన లేత ఆకు పెసరపప్పులో వేసి, వెల్లుల్లి దట్టించి తాలింపు పెడితే, ఆ పప్పు కోసమే రెండు గింజలు ఎక్కువ వెయ్యాలనిపిస్తుంది.

6. నీళ్ళు, పైఎరువు

తడి ఒకేలా ఉండాలి, అంతే. మూడు రోజులు ఎండబెట్టి నాలుగో రోజు బకెట్ కుమ్మరిస్తే దుంప పగులుతుంది. బ్యాగులకి రోజూ ఉదయం, నేలలో వాతావరణాన్ని బట్టి 4-6 రోజులకోసారి. వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడండి, లోపల చల్లగా తడి తగిలితే ఆ రోజు అక్కర్లేదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్న చోట బ్యాగు అంచున తెల్లగా పేరుకుంటుంది, అలాంటప్పుడు వారానికోసారి మంచినీళ్ళు కిందకి కారేదాకా పొయ్యండి.

20వ రోజు గుప్పెడు వర్మీకంపోస్ట్, అంతకంటే పెద్దగా ఏమీ వద్దు. యూరియా జోలికి పోవద్దు, ఆకు పచ్చగా గుబురుగా వస్తుంది, కింద దుంప ఉండదు.

7. పురుగులు

ఆకుకి చిన్న చిన్న చిల్లులు, అడుగున పేనుబంక, నల్లటి రంపపు ఈగ పురుగు, ఈ మూడే ఎక్కువ. పొద్దున్నే చేత్తో ఏరెయ్యండి. ఎక్కువైతే లీటరు నీళ్ళకి 5 మి.లీ. వేపనూనె, నాలుగు చుక్కలు సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఆకు అడుగు తడిసేలా కొట్టండి. దుంపా ఆకూ రెండూ తినేవే కాబట్టి ఘాటు మందులు వద్దు.

8. ఏ రోజు పీకాలి

నేలలో ఉంచితే ఇంకా ఊరుతుందిలే అనుకోవడం పెద్ద పొరపాటు. రోజులు నిండాక ఊరదు, బెండు పడుతుంది.

రైతు బజార్లో పెనుమాక నుంచి వచ్చే ఒక పెద్దాయన దగ్గర నేను కూరలు కొంటా. దుంప పీకకుండా లోపల ఎలా ఉందో తెలిసేదెలా బాబాయ్ అని అడిగితే, కట్టలోంచి ఒక ముల్లంగి తీసి, బయటి వరస ఆకు కాడని మొదట్లో అడ్డంగా కోసి నా ముందు పెట్టాడు. "ఇదిగో అమ్మాయ్, కాడ లోపల నిండుగా ఉందా, దుంపా నిండే. కాడలో బోలు పడిందా, దుంప బెండు పట్టినట్టే." ఇంటికొచ్చి నా బ్యాగుల్లో చూశా. బోలు కాడ ఉన్న రెండు పీకి కోస్తే లోపల దూది ఉండల్లా ఉన్నాయి, నిండు కాడవి కోస్తే కత్తి కింద టకటక శబ్దంతో నీళ్ళోడుతున్నాయి.

పీకే ముందు చూసుకోండి:

- రకానికి చెప్పిన రోజులు అయ్యాయా
- దుంప భుజం నేల పైకి వచ్చిందా
- బయటి ఆకు కాడ కోస్తే నిండుగా ఉందా
- మొవ్వు మధ్యలో కాడ లేస్తోందా (లేస్తుంటే ఈరోజే పీకండి)

ముందురోజు సాయంత్రం నీళ్ళు పెడితే తెగకుండా వస్తుంది. పీకగానే ఆకు కోసి విడిగా పెట్టండి, ఆకు ఉంటే దుంపలో నీళ్ళు లాగేసి వడలిపోతుంది.

9. పూత వస్తే: మొదట గుర్తుపట్టడం

పువ్వు కనిపించేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. మామూలు ముల్లంగికి ఆకులన్నీ నేల దగ్గర ఒకే చోట నుంచి విచ్చుకుని ఉంటాయి. పూతకి పోయేది అలా ఉండదు, మొవ్వు మధ్యలో వేలంత కాడ పైకి లేస్తుంది, దాని మీద ఆకులు చిన్నవై ఒకదానికొకటి ఎడం అవుతాయి, చివర ఆకుపచ్చ మొగ్గల గుత్తి. ఆ తర్వాత నాలుగు రేకల పువ్వు, తెలుపులో లేత ఊదా ఈనెలు.

కాడ 3-4 అంగుళాల లోపుంటే వెంటనే పీకండి, సాంబారుకి పనికొస్తుంది. పువ్వు విచ్చాక దుంప నారే, కోసి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు. ఇక అక్కడినుంచి రెండే దారులు, కాయ కోసం ఉంచడం, విత్తనం కోసం ఉంచడం.

10. కాయల కోసం

ముల్లంగి కాయ తింటారని మన దగ్గర చాలామందికి తెలియదు, ఉత్తరాదిలో మోగ్రీ అని కాయల కోసమే పెంచే రకం కూడా ఉంది. మన మామూలు ముల్లంగి కాయలు దానంత పొడుగు రావు కానీ రుచిగానే ఉంటాయి.

- 2-3 మొక్కలుంచి మిగతావి తీసెయ్యండి. కాడ నడుమెత్తు పెరుగుతుంది, కర్ర కట్టండి.
- నీళ్ళు ఆపొద్దు.
- పూత మీద ఏ మందూ కొట్టొద్దు, వేపనూనె కూడా. తేనెటీగలు రాకపోతే కాయే లేదు.
- కాయ లేతగా ఉన్నప్పుడే కొయ్యాలి. వంచితే టక్కున విరగాలి. వంగి సాగితే లోపల గింజ గట్టిపడి నార పట్టినట్టు.
- రెండు రోజులకోసారి కోస్తుంటే కొత్త కాయ వస్తూనే ఉంటుంది.

పచ్చిది కొరికితే దుంప కంటే ఘాటు. తాలింపులో వేసి మూత పెట్టకుండా వేయించి, చివర్లో పల్లీల కారం చల్లితే ఘాటు తగ్గి కమ్మగా ఉంటుంది. లేత పూలు, మొగ్గలు కూడా ఆకుతో పాటు పప్పులో వెయ్యొచ్చు.

11. విత్తనం కోసం: మొదట పూసినదాన్ని వదలండి

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. అందరికంటే ముందు పూసిన మొక్క నుంచి విత్తనం తీస్తే, వచ్చే ఏడు మీ మడంతా తొందరగా పూసేదే అవుతుంది. దుంప ఊరకుండా పూసే గుణం గింజలోకి దిగుతుంది. నేను వరసగా రెండేళ్ళు ఈ తప్పు చేశా, మూడో ఏడు దుంపలే లేవు. విత్తనానికి ఉంచాల్సింది బాగా దుంప ఊరి, అందరికంటే ఆలస్యంగా పూసే మొక్కల్ని.

సరైన పద్ధతి:

- కోత రోజు దుంపలన్నీ పీకి వరసగా పరవండి. నిటారుగా, నున్నగా, చీలిక లేనివి కనీసం 10-12 ఏరండి. ముల్లంగి తన పుప్పొడితో తాను సరిగ్గా కట్టదు, ఒక్క మొక్క ఉంచితే కాయలు తాలే.
- కింది సగం కోసి కూరకి వాడుకోండి. కోసిన చోట లోపల బెండు ఉంటే ఆ మొక్క వద్దు.
- పై సగానికి ఆకులు 4 అంగుళాలు ఉంచి మిగతావి కత్తిరించండి. ఒక పూట నీడలో ఆరనివ్వండి.
- 2 అడుగుల ఎడంతో మళ్ళీ నాటండి, భుజం నేలకి సమానంగా. నాటగానే నీళ్ళు.
- దగ్గర్లో వేరే రకం ముల్లంగి పూతలో ఉండకూడదు, తేనెటీగలు కలిపేస్తాయి. పొలం స్థాయిలో అయితే కిలోమీటర్ పైనే దూరం పాటిస్తారు. ఊళ్ళో అది కుదరదు కాబట్టి ఆ నెలలో మీ తోటలో ఒకే రకం ఉండేలా చూసుకోండి.
- హైబ్రిడ్ ప్యాకెట్ మొక్కల నుంచి విత్తనం తియ్యొద్దు, అదే రకం మళ్ళీ రాదు.

ఎర్ర గుండ్రటి రకాలకి విత్తనం కట్టాలంటే గట్టి చలి తగలాలి, అందుకే వాటి విత్తనం హిమాచల్ లాంటి కొండల్లో తీస్తారు. మన దగ్గర ప్రయత్నించి నిరాశ పడొద్దు.

కాయ ఎండుగడ్డి రంగుకొచ్చి, ఊపితే గలగలమన్నప్పుడు కొమ్మలు కొయ్యండి. ఆవకాయలోకి వాడే ఆవాల కాయలా ఇది తనంతట తాను పగలదు, కాబట్టి గింజ రాలిపోతుందన్న భయం లేదు, అదే కారణంగా తియ్యడం మాత్రం కష్టం. మేడ మీద ఎండలో నాలుగు రోజులు బాగా ఎండబెట్టి, గోనెసంచిలో వేసి కర్రతో కొట్టి, చేటతో చెరగాలి.

12. ఏ తప్పుకి ఏ కారణం

- కాళ్ళుగా చీలింది: రాళ్ళు, గట్టి మట్టి, పచ్చి పేడ.
- ఆకు ఉంది, దుంప లేదు: ఒత్తుగా ఉన్నాయి, నీడ, నత్రజని ఎక్కువ.
- పగిలింది: నీళ్ళు ఒకసారి తక్కువ ఒకసారి ఎక్కువ.
- లోపల గోధుమ రంగు మచ్చ: బోరాన్ లోపం కావచ్చు. తర్వాత పంటకి లీటరుకి 1 గ్రాము బోరాక్స్ కలిపి 20-25 రోజుల వయసులో ఒక్కసారి ఆకు మీద కొట్టండి, అంతకు మించొద్దు.
- దూదిలా బెండు: ముదిరింది.
- మరీ ఘాటు: ఎండ, నీళ్ళ కరువు.
- 30 రోజులకే పూత: తప్పు రకం, తప్పు నెల, ఒత్తుగా ఉండటం, లేదా ముందు పూసినదాని విత్తనం.

13. విత్తనం దాచడం

మన ఎండాకాలమే విత్తనానికి అసలు శత్రువు. బాగా ఎండిన గింజని గాజు సీసాలో పోసి, చిన్న గుడ్డలో చెంచా పొడి బూడిద మూటకట్టి అందులో వేసి, మూత బిగించి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. సీసా మీద రకం, నెల రాయండి. ఇలా ఉంచితే మూడు నాలుగేళ్ళు మొలుస్తాయి.

దసరాకి వారం ముందు 20 గింజలు తడి గుడ్డలో చుట్టి గిన్నెలో పెట్టండి. అయిదో రోజు విప్పి లెక్కపెట్టండి: 16 పైన మొలిస్తే మామూలుగా విత్తండి, 10-15 వస్తే కాస్త దగ్గరగా విత్తి తర్వాత పలచన చెయ్యండి, అంతకంటే తక్కువైతే కొత్తది కొనుక్కోండి.